ఉప్పునీటిలో రేడియో ఎంత లోతు దిగుతుంది?

వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని దామగుండం అడవిలో నౌకాదళం వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో) కేంద్రం కడుతోంది. 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ దానికి శంకుస్థాపన చేశారు. దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి ఇందుకోసం ఇచ్చారు. అప్పటినుంచీ చాలామంది నోట వినిపించే ప్రశ్న ఒకటే: చుట్టుపక్కల ఎక్కడా సముద్రం లేని చోట నేవీకి పనేమిటి? పత్రికల్లో 'రాడార్ స్టేషన్' అని పడటంతో అయోమయం ఇంకా పెరిగింది. అక్కడ పెట్టేది రాడార్ కాదు. రాడార్ ఒక సిగ్నల్ వదిలి, అది దేనికో తగిలి తిరిగొచ్చేదాకా కాచుకుంటుంది. ఈ కేంద్రం వదిలి ఊరుకుంటుంది, అంతే. నీళ్లలో మునిగి ఉన్న జలాంతర్గామికి నాలుగు ముక్కలు చేరవేయడం దీని పని. ఇలాంటిది దేశంలో ఇప్పటికే ఒకటుంది, తమిళనాడు తిరునెల్వేలి దగ్గర, ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ పేరుతో. అది 1990 నుంచీ పనిచేస్తోంది.

నాలుగు ముక్కలు చెప్పడానికి వేల ఎకరాలెందుకు? జవాబు దామగుండంలో లేదు, నీళ్లలో ఉంది. నీళ్లు రేడియో తరంగాన్ని ఎంత తినేస్తాయో కొలిస్తే మిగతా లెక్కంతా దానంతటదే తేలుతుంది. కాకపోతే ఆ కొలవడమే అంత సులువుగా లొంగే పని కాదు.

ఇంట్లో దొరికే సామానుతో మొదలుపెడదాం. పదిహేను లీటర్ల ప్లాస్టిక్ బకెట్ నిండా కుళాయి నీళ్లు పట్టండి. స్టీలు బకెట్ వద్దు, లోహమే సిగ్నల్‌ని ఆపేస్తుంది. పోయినా ఫర్వాలేదనుకునే పాత సెల్‌ఫోన్‌ని నీళ్లు చొరబడని కవర్లో పెట్టి, తేలకుండా రాయి కట్టి, చుట్టూ పైనా పన్నెండు సెంటీమీటర్ల నీళ్లుండేలా మధ్యలో వేలాడదీయండి. ఇప్పుడు దానికి ఫోన్ చేస్తే మోగుతుంది. ఆశ్చర్యమేమీ లేదు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఫోన్ అనుకుంటే, నీళ్ల ఉపరితలం దగ్గర సగానికి పైగా శక్తి వెనక్కి తిరిగిపోతుంది, లోపలి నీళ్లు ఇంకో అయిదారు డెసిబెల్స్ తీసుకుంటాయి. అంతా కలిపి పది డెసిబెల్స్. పది డెసిబెల్స్ తగ్గాయంటే పదో వంతు మిగిలినట్టు. ఫోన్‌కి అది ధారాళం.

ఇప్పుడు అదే బకెట్లో అర కిలో ఉప్పు కలపండి. లీటరుకి 35 గ్రాముల చొప్పున, అంటే సుమారుగా సముద్రపు నీళ్లు తయారైనట్టే. లెక్క ప్రకారం ఈసారి నష్టం దాదాపు తొంభై డెసిబెల్స్. ఇరవై తగ్గితే నూరో వంతు, ముప్ఫై తగ్గితే వెయ్యో వంతు అని పోతూ ఉంటే తొంభై దగ్గర వంద కోట్లలో ఒక వంతు మిగులుతుంది. టవర్ పక్కింటి మీదే ఉంటే తప్ప ఫోన్ మోగదు. బకెట్ మారలేదు, నీళ్లు మారలేదు. మారిందల్లా అర కిలో ఉప్పు.

ఉప్పు నీళ్లలో కరిగినప్పుడు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. వాటికి విద్యుదావేశం ఉంది కాబట్టి, రేడియో తరంగంలోని విద్యుత్ క్షేత్రం తాకగానే అవి కదులుతాయి. కదిలి పక్కనున్న నీటి అణువులను గుద్దుకుంటాయి. తరంగం మోసుకొచ్చిన శక్తి ఈ తొక్కిసలాటలో వేడిగా మారిపోతుంది. అందుకే నీళ్లను గోడ అనుకోకూడదు, దళారీ అనుకోవాలి. ప్రతి మీటరు దగ్గరా చేతికొచ్చిన దాంట్లో ఇంత శాతం అని కోసుకుంటుంది. మిగిలినదాంట్లోంచి తర్వాతి మీటరు మళ్లీ అదే శాతం కోసుకుంటుంది. పూర్తిగా సున్నా ఎక్కడా కాదు. ఎంత లోతున మనకు పనికొచ్చేంత మిగులుతుందనేదే ప్రశ్న.

ఆ శాతాన్ని ఇంజినీర్లు ఒక లోతుగా చెబుతారు. తరంగ బలం 37 శాతానికి పడిపోయే లోతుకి స్కిన్ డెప్త్ అని పేరు. సముద్రపు నీటికి దాన్ని చేత్తోనే లెక్కకట్టుకోవచ్చు. ఫ్రీక్వెన్సీని హెర్ట్జ్‌లలో తీసుకుని, నీటి వాహకత్వంతో గుణించి, వర్గమూలం తీసి, 503ని దాంతో భాగించాలి. జవాబు మీటర్లలో వస్తుంది. వాహకత్వం అంటే కరెంటుని ఎంత తేలిగ్గా పోనిస్తుందన్నది, సముద్రానికి సాధారణంగా మీటరుకి 4 సీమెన్స్ అని వేసుకుంటారు. ఆకాశవాణి విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. దానికి లెక్క చేస్తే 26 సెంటీమీటర్లు. బీచ్‌లో మెడలోతు దిగి, వాటర్‌ప్రూఫ్ రేడియో ఒకటి పాదాల దగ్గర పెట్టుకున్నా వార్తలు వినపడవు. ఎఫ్‌ఎం అయితే మరీ అన్యాయం, రెండున్నర సెంటీమీటర్లు.

ఫ్రీక్వెన్సీ తగ్గించుకుంటూ పోతే లోతు పెరుగుతుంది, కానీ వర్గమూలం ఉంది కాబట్టి పిసినారిగా పెరుగుతుంది. లోతు రెట్టింపు కావాలంటే ఫ్రీక్వెన్సీ నాలుగో వంతుకి దించాలి. 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఏమవుతుందో చూడండి. ఇరవై వేలని నాలుగుతో గుణిస్తే ఎనభై వేలు, వర్గమూలం 283, 503ని దాంతో భాగిస్తే 1.78 మీటర్లు. పద్దెనిమిది మీటర్ల లోతుకి వెళ్తే అలాంటి పది మెట్లు దిగినట్టు. తరంగ బలం 22 వేలలో ఒక వంతుకి చేరుతుంది. శక్తి లెక్కన చూస్తే దాని వర్గం, సుమారు 48 కోట్లలో ఒక వంతు. అయినా మంచి రిసీవర్ దాన్ని పట్టుకోగలదు. వీఎల్‌ఎఫ్ కేంద్రాలన్నీ ఈ ఫ్రీక్వెన్సీల చుట్టూనే తిరగడానికి కారణం ఇదే. పదీ ఇరవై మీటర్ల లోతు వరకూ ఇవి పనికొస్తాయి. ఇంకా లోతున ఉన్న జలాంతర్గామి తన వెనక పొడవాటి తీగ యాంటెన్నాని ఉపరితలం వైపు వదిలి వింటుంది.

లోతుకి కట్టే ధర యాంటెన్నా దగ్గర తెలుస్తుంది. 20 కిలోహెర్ట్జ్ తరంగం గాలిలో ఒక్కోటి 15 కిలోమీటర్ల పొడవుంటుంది. యాంటెన్నా బాగా పనిచేయాలంటే కనీసం అందులో పావు వంతు ఎత్తుండాలి, అంటే 3,750 మీటర్లు. అంత స్తంభం ఎవరూ కట్టలేరు. కట్టబొమ్మన్ దగ్గర స్తంభం దాదాపు 470 మీటర్లు, దేశంలో ఎత్తయిన నిర్మాణాల్లో ఒకటి. అయినా ఈ తరంగానికి అది పొట్టిదే. ఆ లోటు తీర్చడానికి స్తంభాల మీంచి గొడుగులా తీగలు పరుస్తారు, కింద నేలలో రాగి తీగలు పాతుతారు, పెద్ద పెద్ద కాయిల్స్‌తో సర్దుబాటు చేస్తారు. ఎకరాలు అక్కడ ఖర్చవుతాయి.

మరి సముద్రం? ఈ పొడవాటి తరంగాలు నేలకీ, పైన డెబ్బై ఎనభై కిలోమీటర్ల ఎత్తులో మొదలయ్యే అయనోస్ఫియర్‌కీ మధ్య ఇరుక్కుని వేల కిలోమీటర్లు పోతాయి. గాలిలో వాటికయ్యే నష్టం చాలా తక్కువ. వేల కిలోమీటర్ల ప్రయాణంలో వికారాబాద్ నుంచి తీరానికి ఉన్న మూడు నాలుగు వందల కిలోమీటర్లు లెక్కలోకి రావు. చివరి పదీ ఇరవై మీటర్లదే అసలు ప్రయాణం. కాబట్టి సముద్రానికి దూరంగా ఉన్నా కేంద్రం పనిచేస్తుందనడంలో సందేహం లేదు. అయితే భౌతికశాస్త్రం చెప్పేది ఇక్కడ కట్టవచ్చు అన్నంతవరకే. ఈ అడవిలోనే కట్టి తీరాలని అది చెప్పదు. దగ్గర్లోని అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుంది, చెట్ల సంగతేమిటని పర్యావరణవాదులు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకి జవాబు స్కిన్ డెప్త్‌లో వెతకకూడదు.

ఇంకా కిందికి దిగుదామని అమెరికా ప్రయత్నించింది. విస్కాన్సిన్‌లోని క్లామ్ లేక్, మిషిగన్‌లోని రిపబ్లిక్ అనే చోట్ల 1989 నుంచి 76 హెర్ట్జ్‌తో ఇలాంటి కేంద్రాలు నడిపింది. హెర్ట్జ్, కిలోహెర్ట్జ్ కాదు. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్ అని గుర్తుంచుకుంటే ఎంత కిందికి దిగారో అర్థమవుతుంది. సముద్రంలో స్కిన్ డెప్త్ 29 మీటర్లకి పెరిగింది. గాలిలో తరంగదైర్ఘ్యం మాత్రం దాదాపు 3,950 కిలోమీటర్లయింది. దానికి యాంటెన్నా ఏం కడతారు? కరెంటు స్తంభాల్లాంటి వాటి మీద పదుల కిలోమీటర్లు తీగ లాగి, రెండు చివర్లూ భూమిలోకి దించారు. కింద కరెంటుని సరిగా పోనివ్వని పాత రాతి పలక ఉంది కాబట్టి కరెంటు లోతుగా తిరిగి వెళ్లి, భూమే యాంటెన్నాలో భాగమైంది. మెగావాట్లు పోస్తే బయటికి వెళ్లింది కొన్ని వాట్లు. మూడక్షరాల సంకేతం పంపడానికి పావుగంట పట్టేది. 'పైకి రా, వేరే దాని మీద మాట్లాడతాం' అని పిలవడానికి తప్ప అది ఎందుకూ పనికొచ్చేది కాదు. 2004లో మూసేశారు. సోవియట్ యూనియన్ కూడా కోలా ద్వీపకల్పంలో 82 హెర్ట్జ్‌తో ఇలాంటిదే కట్టింది.

ఇక్కడిదాకా 503 అనీ, 4 సీమెన్స్ అనీ ధీమాగా అంకెలు వేశాం. 503 సూత్రంలోని స్థిరాంకం, 4 మాత్రం కొలిచినది. ఎలా కొలుస్తారు?

అన్నిటికన్నా తేలికది వాహకత్వం. ఇంటికొచ్చే ఆర్‌ఓ మెకానిక్ జేబులోంచి పెన్నులాంటి మీటర్ తీసి గ్లాసులో ముంచి 'టీడీఎస్ 480 ఉందండీ' అంటాడు కదా, ఆ మీటర్ నీళ్లలో కరిగినవాటిని లెక్కపెట్టదు. దాని కొసన ఉన్న రెండు లోహపు ముక్కల మధ్య కరెంటు ఎంత పోతుందో చూసి, దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి టీడీఎస్ అని చూపిస్తుంది. అంటే మనందరి ఇళ్లలోనూ జరిగేది వాహకత్వపు పరీక్షే. సముద్రపు నీళ్లలో ముంచితే ఆ పెన్ను పరిధి దాటిపోతుంది. ప్రయోగశాలలో వాడేది కూడా సూత్రంగా అదే, కాకపోతే ముందుగా వాహకత్వం తెలిసిన పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో సరిచూసుకుంటారు, ఉష్ణోగ్రత పక్కనే రాసుకుంటారు. ఒక్క డిగ్రీ పెరిగితే వాహకత్వం సుమారు రెండు శాతం పెరుగుతుంది మరి.

కిలోహెర్ట్జ్‌లకి ఈ ఒక్క అంకె సరిపోతుంది. సెల్‌ఫోన్, వైఫై ఫ్రీక్వెన్సీలకి చాలదు. అక్కడ ఉప్పు లేకపోయినా నీళ్లే తింటాయి. నీటి అణువుకి ఒక కొస కొంచెం ధనం, ఇంకో కొస కొంచెం రుణం. తరంగం అటూ ఇటూ ఊగుతుంటే అణువు కూడా తిరగాలని చూస్తుంది. నిదానంగా ఊగితే వెంటే తిరుగుతుంది. సెకనుకి వందల కోట్ల సార్లు ఊగేసరికి వెనకబడుతుంది, ఆ వెనకబాటులో వేడి పుడుతుంది. ఈ తినడం గది ఉష్ణోగ్రత దగ్గర 17 నుంచి 20 గిగాహెర్ట్జ్ మధ్య పరాకాష్ఠకి చేరుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది కాబట్టి అది నీటి అణువుకి కచ్చితంగా సరిపోయే ఫ్రీక్వెన్సీ అని తరగతి గదుల్లో కూడా చెబుతుంటారు. కాదు. నిజంగా పరాకాష్ఠ దగ్గర పెడితే కూర పైపొర మాడేది, లోపల చల్లగా ఉండేది.

ఈ ఫ్రీక్వెన్సీల దగ్గర కొలవడానికి కేబుల్ కొసని నున్నగా కోసినట్టుండే ఒక ప్రోబ్ వాడతారు. దాన్ని నెట్‌వర్క్ అనలైజర్ అనే యంత్రానికి తగిలించి బీకర్లో ముంచుతారు. యంత్రం తరంగం పంపుతుంది. కొస దగ్గర నీళ్లు తగిలి కొంత తిరిగొస్తుంది. ఎంత తిరిగొచ్చింది, ఎంత ఆలస్యంగా వచ్చింది అన్న రెండిటినుంచీ నీటి గుణాలు లెక్కకడతారు. ఒకప్పుడు లక్షలు పోసి కొనాల్సిన యంత్రం. ఇప్పుడు అరచేతిలో పట్టే నానో వీఎన్‌ఏలు కొన్ని వేల రూపాయలకే దొరుకుతున్నాయి, ఇంజినీరింగ్ విద్యార్థులకి ఇది అందుబాటు ప్రయోగమే. ముంచే ముందు మూడు సార్లు సరిచూసుకోవాలి: ప్రోబ్ గాలిలో ఉన్నప్పుడు ఒకసారి, కొసకి లోహపు రేకు నొక్కిపెట్టి ఒకసారి, ఉష్ణోగ్రత తెలిసిన స్వచ్ఛమైన నీటిలో ఒకసారి. ఆ తర్వాత కూడా కొస కింద ఆవగింజంత గాలి బుడగ ఇరుక్కుందా, అంకెలన్నీ తప్పే. ప్రోబ్ చూసేది తన ముందున్న కొద్ది మిల్లీమీటర్లనే కదా. ప్రోబ్‌ని ఏటవాలుగా దించి, ఓసారి కదిపి, బుడగ పోయిందో లేదో గ్లాసు పక్కనుంచి కంటితో చూసుకోవడానికి మించిన ఉపాయం లేదు.

బీకర్‌లో వచ్చిన అంకె చెరువులో నిజమవుతుందా? సరదా అక్కడ మొదలవుతుంది. పడవ మీంచి ఒక తాడుకి ట్రాన్స్‌మిటర్, ఇంకో తాడుకి రిసీవర్ కట్టి ఒకే లోతుకి దించి, మధ్య దూరం కొంచెం కొంచెం పెంచుతూ సిగ్నల్ రాసుకుంటారు. గ్రాఫ్ గీస్తే, దళారీ వాటా స్థిరం కాబట్టి, డెసిబెల్స్ ఒక సరళరేఖలా కిందికి దిగాలి. రేఖ ఎంత ఏటవాలుగా ఉంటే అంత నష్టం.

నిజంగా గీస్తే సరళరేఖ రాదు. మొదటి కొన్ని బిందువులు నిటారుగా పడిపోతాయి. యాంటెన్నాకి మరీ దగ్గరగా ఉన్నప్పుడు నీళ్లతో నిమిత్తం లేకుండానే క్షేత్రం దూరం ఘనంతో తగ్గిపోతుంది. ఆ బిందువులను కలిపి లెక్కవేస్తే నీళ్ల మీద లేని నేరం మోపినట్టే. మధ్యలో కొంతమేర రేఖ బుద్ధిగా ఉంటుంది. చివరికొచ్చేసరికి మళ్లీ అడ్డం తిరుగుతుంది, దూరం పెంచుతున్నా సిగ్నల్ తగ్గడం మానేస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడ సంబరపడతారు, రేడియో నీళ్లలో అనుకున్నదానికన్నా దూరం పోతోందని. అది నీళ్లలోంచి రాలేదు. ట్రాన్స్‌మిటర్ నుంచి నిట్టనిలువుగా పైకెక్కి, ఉపరితలం వెంట గాలిలో హాయిగా ప్రయాణించి, రిసీవర్ నెత్తిమీదికొచ్చి మళ్లీ కిందికి దిగింది.

దీన్ని పట్టుకోవడానికి ఒక చక్కని పరీక్ష ఉంది. రెండింటి మధ్య దూరం కదపకుండా, రెండు యాంటెన్నాలనూ ఒకేసారి మీటరు కిందికి దించాలి. సిగ్నల్ నీళ్లలోంచే వస్తుంటే రీడింగ్ దాదాపు అలాగే ఉంటుంది. పైదారిన వస్తుంటే ఎక్కడానికి మీటరు, దిగడానికి మీటరు అదనంగా కట్టాలి కాబట్టి రీడింగ్ పడిపోతుంది. రెండో దొంగదారి కేబుల్. పడవలోని యంత్రం దాకా వచ్చే రాగి కేబుల్ పైతొడుగే యాంటెన్నాలా పనిచేసి గాలిలోని సిగ్నల్‌ని కిందికి మోసుకెళ్తుంది. అందుకే ట్రాన్స్‌మిటర్‌ని బ్యాటరీతో సహా డబ్బాలో సీలు చేసి వదిలేస్తారు, రిసీవర్ నుంచి రీడింగ్‌ని ఆప్టికల్ ఫైబర్ మీద పైకి తెస్తారు. అడుగున ఉన్న బురద, ఇసుక కూడా సముద్రపు నీటికన్నా తక్కువ వాహకత్వంతో మూడో దారి ఇవ్వగలవు. నా దృష్టిలో ఈ ప్రయోగంలో నేర్చుకోదగ్గది నీళ్ల గురించి తక్కువ, దొంగదారుల గురించే ఎక్కువ.

అదే పైదారి కొందరికి వరం. అమెరికాలో కొలంబియా నదిలాంటి చోట్ల సాల్మన్ చేపల ఒంట్లో 150 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేసే చిన్న రేడియో ట్యాగ్ పెట్టి ఒడ్డునుంచి యాంటెన్నాతో వెతుకుతారు. నది నీళ్లలో ఉప్పు తక్కువ, చేప పైపైనే ఉంటే సిగ్నల్ గాలిలోకి బయటపడుతుంది. అదే చేప సముద్రంలోకి దిగిందా, ఆ ట్యాగ్ మూగబోతుంది. అక్కడ శబ్దంతో పనిచేసే ట్యాగ్‌లే దిక్కు.

గాలినుంచి నీళ్లలోకి దిగే గడప దగ్గర ఇంకో సంగతి జరుగుతుంది. 20 కిలోహెర్ట్జ్ తరంగం సముద్రాన్ని తాకగానే దాని విద్యుత్ క్షేత్రం వెయ్యో వంతుకి పడిపోతుంది. అయస్కాంత క్షేత్రం మాత్రం పెద్దగా తగ్గకుండా లోపలికి వస్తుంది. జలాంతర్గాములు తీగని చుట్టగా చుట్టిన లూప్ యాంటెన్నాలు పెట్టుకునేది అందుకే, అవి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటాయి. నీళ్లలో కొలిచేవాళ్లూ అదే దారి పడతారు.

ఇంతా చేసి సముద్రానికి 4 సీమెన్స్ అని ఒక్క అంకె వేయడం కూడా సౌకర్యం కోసమే. కిలోకి 35 గ్రాముల ఉప్పున్న నీటికి 15 డిగ్రీల దగ్గర వాహకత్వం 4.29. బంగాళాఖాతం అలా ఉండదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీళ్లతో ఉప్పు కొంత పలచబడుతుంది, అరేబియా సముద్రమంత ఉండదు. ఉప్పు తగ్గింది కదా అని వాహకత్వం తగ్గదు, ఎందుకంటే నీళ్లు వెచ్చగా ఉంటాయి. 28 డిగ్రీల నీళ్లలో ఉప్పు 33 గ్రాములున్నా వాహకత్వం 5 దాటి 5.3 దగ్గరికి వస్తుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర స్కిన్ డెప్త్ ఒకటిన్నర మీటర్లకి కుదించుకుపోతుంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పద్దెనిమిది మీటర్ల లోతున చల్లని నీటికన్నా వెచ్చని నీటిలో సిగ్నల్ మూడు రెట్లకు పైగా బలహీనంగా ఉంటుంది. ఎక్కడో చల్లని సముద్రంలో కొలిచిన పట్టికని తెచ్చి మన తీరానికి అతికిస్తే కుదరదు.

మన సముద్రపు అంకెలు హైదరాబాద్‌కే వస్తాయి. ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం మన దేశం తరఫున ఆర్గో ఫ్లోట్‌లను చూసుకుంటుంది. మనిషెత్తు గొట్టంలాంటి ఈ పరికరం వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ ఉంటుంది. సాధారణంగా పది రోజులకోసారి రెండు వేల మీటర్లకి దిగి, అక్కడినుంచి పైకొస్తూ దారిపొడుగునా వాహకత్వం, ఉష్ణోగ్రత, పీడనం కొలుస్తుంది. సముద్రంలో ఉప్పు ఎంతుందో నేరుగా ఎవరూ తూచరు, 1978 నుంచీ లవణీయతకి అంతర్జాతీయ కొలమానమే వాహకత్వం మీద నిలబడింది. అంటే రేడియోని మింగే ఆ గుణాన్నే ఫ్లోట్ కొలుస్తుంది. ఆ గుణం వల్లే, కొలిచినదాన్ని లోపల్నించి చెప్పలేదు. ఉపరితలానికి వచ్చి, యాంటెన్నాని గాలిలోకి ఎత్తి, ఉపగ్రహానికి పంపితేనే కబురు.

సునామీ హెచ్చరికల కోసం సముద్రం అడుగున పెట్టిన పీడన మాపకాలకి ఇలా పైకొచ్చే వీలు కూడా లేదు. అవి శబ్ద సంకేతాలతో పైన తేలే బోయాకి చెబుతాయి, రేడియో పని అక్కడినుంచి మొదలవుతుంది. ఫ్లోట్‌ల విషయంలో పాత ఉపగ్రహ వ్యవస్థతో ఒక్కో విడత సమాచారం పూర్తిగా చేరాలంటే ఆరు నుంచి పన్నెండు గంటలు నీటిపైనే ఉండాల్సొచ్చేది. ఆ గంటల్లో గాలికి కొట్టుకుపోవడం, నాచు పట్టడం, ఓడల దారిలో పడటం అన్నీ ఉండేవి. ఇరిడియం ఉపగ్రహాలు వచ్చాక ఆ పని నిమిషాల్లోకి దిగింది, అటునుంచి ఫ్లోట్‌కి కొత్త ఆదేశాలు పంపడమూ అప్పుడే అయిపోతోంది.